ఈనాటి ఇంగ్లీషు మనిషిని వెనక్కి పంపితే ఏ శతాబ్దం దాకా మాట అర్థమవుతుంది?

చెవిటిమేళం అడిగారు:

లండన్‌లో పుట్టి పెరిగి, ఇంగ్లీషు తప్ప ఇంకో భాష రాని ఈనాటి మనిషిని అదే లండన్ వీధుల్లోకి వెనక్కి పంపారనుకుందాం. 1900, 1800, 1700 అంటూ వందేసి ఏళ్లు దిగుతూ పోతే మాట ఎక్కడ తెగిపోతుంది?

నెట్‌లో దొరికే జవాబులకు ఒకదానితో ఒకదానికి పొంతన లేదు. షేక్‌స్పియర్ దాకా ఢోకా లేదని ఒకరు, 1700 దాటితే కష్టమేనని ఇంకొకరు, 14వ శతాబ్దపు కవి చాసర్‌ని కూడా రెండ్రోజుల్లో పట్టేయొచ్చని మరొకరు అంటారు. అందరూ రుజువుగా చూపించేది మాత్రం పుస్తకంలోంచి తీసిన ఒక పేరా. 1611 బైబిల్ చదివితే అర్థమవుతోంది కాబట్టి 1611 మనిషి నోరు విప్పినా అర్థమవుతుందట. నా అనుమానమంతా అక్కడే.

చదవడం సంగతి పక్కనపెట్టి చెవికి వినబడే మాట సంగతి చెప్పండి. అడ్డం పడేది ఉచ్చారణా, పదాలా, వ్యాకరణమా? ముందే సాధన చేసి వెళ్తే ఏమైనా ఉపయోగం ఉంటుందా? మన మాట వాళ్లకు అర్థమవుతుందా అన్నది కూడా చెబితే సంతోషం.

---

అచ్చులూ_హల్లులూ:

మీ అనుమానం సరైనదే. ఇంగ్లీషులో కాగితం బాగా మోసం చేస్తుంది. ముందు తేలిగ్గా తేలిపోయే శతాబ్దాల సంగతి చెప్పి అక్కడికొస్తాను.

1900 గురించి ఊహించక్కర్లేదు, గొంతులే ఉన్నాయి. ఎడిసన్ ఫోనోగ్రాఫ్ 1877లో వచ్చింది. కవి టెన్నిసన్, ఫ్లారెన్స్ నైటింగేల్ ఇద్దరూ 1890లో మైనపు సిలిండర్లలోకి మాట్లాడారు. ఆయన పుట్టింది 1809లో, ఆవిడ పుట్టింది 1820లో. అంటే 1810లలో, 20లలో మాటలు నేర్చిన మనుషుల ఇంగ్లీషును ఇవాళ మన చెవులతో వినొచ్చు. వింటుంటే ఇబ్బంది పెట్టేది మైనపు గరగర ఒక్కటే. భాషలో ఇబ్బందేమీ లేదు.

1750కి వెళ్తే గొంతులు లేవు గానీ మాటలున్నాయి. లండన్‌లో ఓల్డ్ బెయిలీ కోర్టు విచారణల నివేదికలు 1674 నుంచి 1913 దాకా అచ్చయ్యాయి, 1,97,000కు పైగా కేసులు. 1730ల నుంచి వాటిలో సాక్షుల మాటలు చాలాచోట్ల ప్రశ్న, జవాబు పద్ధతిలో దొరుకుతాయి. పనిమనుషులు, బండివాళ్లు, దొంగసొత్తు కొన్నవాళ్లు చెప్పిన వాక్యాలవి. వాక్య నిర్మాణం దాదాపు ఇవాళ్టిదే. ఉచ్చారణలో తేడాలు తక్కువ, కొట్టొచ్చినట్టు కనబడేవి ఇంకా తక్కువ. 1710లలో కవి అలెగ్జాండర్ పోప్ 'టీ'కి 'ఒబే'తో ప్రాస కలిపాడు, అంటే దాన్ని 'టే' అనేవాళ్లు. 'జాయిన్'కు 'లైన్'తో ప్రాస కలిపాడు, అది 'జైన్'. అచ్చు తర్వాత వచ్చే రకారం లండన్‌లో సన్నగిల్లిపోతోందని జాన్ వాకర్ తన ఉచ్చారణ నిఘంటువులో 1791లో రాశాడు. కాబట్టి అంతకు రెండు తరాల ముందు లండన్‌వాళ్లు 'కార్డ్', 'హార్డ్' అని ర గట్టిగానే పలికేవాళ్లు. మీ మనిషికి వాళ్లు ఐర్లండ్ నుంచి వచ్చినవాళ్లలా వినబడతారు, అంతే. ఒక పూట చాలు, అలవాటైపోతుంది.

అసలు కథ దానికంటే వెనక ఉంది. సుమారు 1400, 1700 మధ్య ఇంగ్లీషు దీర్ఘాచ్చులన్నీ చోటు మారాయి. దీన్నే గ్రేట్ వవెల్ షిఫ్ట్ అంటారు. ఇది రోమన్ లిపిలో కంటే తెలుగు లిపిలో తేటగా కనబడుతుంది. 1400లో 'టైమ్' అన్నది 'టీమ్', 'హౌస్' అన్నది 'హూస్', 'ఫీట్' అన్నది 'ఫేట్', 'మూన్' అన్నది 'మోన్', 'నేమ్' అన్నది 'నామె', 'స్టోన్' అన్నది 'స్టాన్'. సముద్రాన్ని 'సే' అనేవాళ్లు. ఇదంతా కుర్చీలాటలా జరిగింది. ఒక అచ్చు లేచి పై కుర్చీకి పోతే దాని కిందది ఆ ఖాళీలోకి ఎక్కింది. అన్నిటికన్నా పైన కూర్చున్న ఈ, ఊలకు ఎక్కడానికి చోటు లేక ఐ, ఔలుగా విడిపోయాయి.

అచ్చు మారితే మారింది, అలవాటు పడొచ్చు కదా అనిపిస్తుంది. చిక్కెక్కడంటే, ఆ పాత ఉచ్చారణ చాలాసార్లు ఇవాళ్టి ఇంకో మాటలా వినబడుతుంది. 1400 మనిషి 'ఫేట్' అంటే మనవాడు తలరాత అనుకుంటాడు, ఆయన చెప్పింది పాదాలు. 'మోన్' అంటే మూలుగు అనుకుంటాడు, ఆయన వేలు చూపించింది చందమామ వైపు. కొత్త శబ్దమైతే చెవి ఆగి ఆలోచిస్తుంది. తెలిసిన మాటే తప్పు చోట వినబడితే ఆగదు, తప్పు దారిలో నాలుగు మాటలు పోయాక గానీ తెలియదు.

కాగితం మోసం కూడా ఇక్కడే పుట్టింది. ఇంగ్లండ్‌లో కాక్స్‌టన్ అచ్చుయంత్రం పెట్టింది 1476లో. అచ్చు వల్ల అక్షరక్రమం ఆ తర్వాతి రెండు శతాబ్దాల్లో గట్టిపడింది, గట్టిపడింది మాత్రం చాలావరకు పాత అచ్చుల లెక్కలోనే. నోరు మాత్రం మారుతూ పోయింది. అందుకే 'నైట్' (రాత్రి కాదు, యోధుడు) రాతలో ఇప్పటికీ క, ఘ రెండూ ఉన్నాయి. 1400లో రెంటినీ పలికేవాళ్లు, 'క్నిఖ్త్' అని. మనం పాత పేరా చదివేటప్పుడు తెలియకుండానే ఇవాళ్టి ఉచ్చారణ దానికి తొడిగి చదువుతాం. సగం కష్టం అలా మాయమైపోతుంది.

1600 నాటికి ఈ మార్పు సగం పైన అయిపోయింది. 'ఫీట్', 'మూన్' ఇవాళ్టివే. 'టైమ్', 'హౌస్'లు 'టఇమ్', 'హఉస్' దాకా వచ్చాయి. 'సే' ఇంకా 'సే'నే. 'కప్' ఇంకా 'కుప్'. 'నైఫ్'కు ముందు కకారం చాలామంది నోట బతికే ఉంది. మీ మనిషి మొదట ఇదేదో ఊరూపేరూ తెలియని పల్లె యాస అనుకుంటాడు. ఎదుటివాడు నిదానంగా మాట్లాడితే ఒకరోజు లోపు దారిలో పడతాడు. 1500లో అలా కుదరదు, వారాలు పడుతుంది. 1400లో తొలిరోజు విడి పదాలు తప్ప వాక్యం దొరకదు.

మధ్యలో ఒక మాట. 1600 ప్రాంతంలో 'నేమ్', 'స్టోన్'లలో ఉన్నవి విరగని ఒంటి ఏ, ఒంటి ఓ. ఇవాళ లండన్‌లో వినబడే 'నెయిమ్', 'స్టౌన్' 1800 ప్రాంతపు అలవాటు. ర వదలకుండా పలకడంలోనూ ఏ, ఓలు విరవకపోవడంలోనూ తెలుగువాళ్ల ఇంగ్లీషే లండన్‌వాళ్ల ఇంగ్లీషు కంటే షేక్‌స్పియర్‌కు దగ్గర.

---

ఉత్తరగాలి:

పైన చెప్పింది లండన్ వరకు బాగుంది. కానీ శతాబ్దాన్ని ఒక్క గీతలా తీసుకుంటే లెక్క తప్పుతుంది. 1400లో ఇంగ్లీషు అనేది ఒక భాష కాదు, ఒకరికొకరు సగం సగం అర్థమయ్యే యాసల గుంపు. మీ మనిషికి అర్థం కాకపోవడం అటుంచండి, ఆనాటివాళ్లకే ఒకరి మాట ఒకరికి అర్థమయ్యేది కాదు.

దీనికి మంచి సాక్ష్యం ఆ కాక్స్‌టన్‌దే, 1490లో తన ఒక అనువాదానికి రాసుకున్న ముందుమాటలో ఉంది. వర్తకులు కొందరు థేమ్స్ మీదుగా నెదర్లాండ్స్‌లోని జీలండ్‌కు ఓడలో బయల్దేరారు. గాలి లేక కెంట్ తీరాన ఆగి ఒడ్డుకు దిగారు. వాళ్లలో షెఫీల్డ్ అనే బట్టల వ్యాపారి ఒక ఇంటావిడను తిండి అడుగుతూ, గుడ్లు ఉన్నాయా అన్నాడు, 'ఎగ్గెస్' అని. తనకు ఫ్రెంచి రాదండి అందావిడ. అతనికి ఒళ్లు మండింది, అతనికీ ఫ్రెంచి ముక్క రాదు మరి. పక్కన ఇంకొకడు కల్పించుకుని 'ఐరెన్' కావాలంటున్నాడని చెబితే అప్పుడు అర్థమైంది. 'ఎగ్' ఉత్తరాన స్థిరపడ్డ వైకింగులు తెచ్చిన మాట, 'ఐరెన్' దక్షిణాది పాత ఇంగ్లీషు మాట. లండన్ నుంచి కెంట్ ఒడ్డుకు ఎంత దూరం గనక! ఒకే ఏడాది, ఒకే దేశం.

1387లో జాన్ ట్రెవిసా పూర్తిచేసిన చరిత్ర అనువాదంలో, ఉత్తరాదివాళ్ల మాట, ముఖ్యంగా యార్క్ మాట, పదునుగా గీరుకుపోతున్నట్టు ఉంటుందనీ దక్షిణాదివాళ్లకు అది అర్థమవడమే గగనమనీ ఉంది. ఆ ఫిర్యాదు అంతకు రెండున్నర శతాబ్దాల ముందే విలియం ఆఫ్ మామ్స్‌బరీ లాటిన్‌లో చేశాడు. పాత గొడవే అన్నమాట.

కాబట్టి ఎవరిని పంపుతున్నారన్నది కూడా చూడాలి. గ్రేట్ వవెల్ షిఫ్ట్ దేశమంతా ఒకేలా నడవలేదు. ఉత్తరాదిలో పాత ఓ పైకి లేచే బదులు నోటి ముందు వైపుకు జరిగింది. దాంతో పైనున్న ఊ మీద ఒత్తిడి పడలేదు, అది కదల్లేదు. అందుకే స్కాట్లండ్‌లో ఇవాళ్టికీ ఇల్లు 'హూస్', ఆవు 'కూ', కిందికి అనడానికి 'డూన్'. రాత్రిని 'నిఖ్త్' అనేవాళ్లు కూడా ఉన్నారు. 1400 లండన్‌లో ఈ నాలుగు మాటలూ దాదాపు ఇలాగే వినబడతాయి. స్కాట్స్ వింటూ పెరిగినవాణ్ణి పంపితే లండన్‌వాడి కంటే ముందు తేరుకుంటాడు. అయితే చందమామ దగ్గర వాడూ తడబడతాడు, ఎందుకంటే వాళ్ల ఓ వేరే దారి పట్టింది కదా.

పాత యాసలు చెవికి ఎలా ఉంటాయో కొంతైనా రుచి చూడాలంటే లీడ్స్ విశ్వవిద్యాలయం హెరాల్డ్ ఆర్టన్ ఆధ్వర్యంలో 1950 నుంచి 1961 దాకా చేసిన సర్వే రికార్డింగులు వినండి. 313 ఊళ్లు, 1,300కు పైగా ప్రశ్నలు, ఎక్కువమంది వయసు మళ్లిన పల్లెటూరివాళ్లు. వీటిని వింటూ ఈనాటి లండన్ మనిషి ఎన్నిసార్లు వెనక్కి తిప్పుకుంటాడో చూస్తే, 1600 గురించి మనకున్న ధీమా కాస్త తగ్గుతుంది.

ఊరే కాదు, వీధి కూడా ముఖ్యం. 1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ లండన్ వీధి మాటలకు ఒక నిఘంటువే వేయాల్సి వచ్చింది. పెద్దమనుషుల ఇంట్లో ఇబ్బంది లేని 1780, సారాయి కొట్టు దగ్గర ఇబ్బంది పెడుతుంది. ఇంకా వెనక్కి, 1250లో రాజు సభకు వెళ్తే అసలు ఇంగ్లీషే వినబడదు, అక్కడ నడిచేది ఫ్రెంచి. కోర్టుల్లో వాదనలు ఇంగ్లీషులో జరగాలని చట్టం వచ్చిందే 1362లో.

---

నిఘంటువు_పురుగు:

ఇద్దరూ శబ్దం గురించే చెప్పారు. శబ్దానికి చెవి అలవాటు పడుతుంది. అలవాటు పడ్డాక కూడా పట్టి పీడించేవి, అర్థం మారిన మామూలు మాటలు. తెలియని మాట వస్తే ఆగి అడుగుతాం. తెలుసనుకున్న మాట దగ్గర ఎవరూ ఆగరు.

షెఫీల్డ్ కథలోనే ఒకటుంది. అతను ముందు అడిగిన తిండికి కాక్స్‌టన్ వాడిన మాట 'మీట్'. ఆనాడు దానికి తిండి అనే అర్థం. మాంసం కోసం వచ్చి గుడ్లతో సరిపెట్టుకున్నాడని మనవాడు అనుకుంటాడు.

1600 లండన్‌లో రోజూ తగిలేవి కొన్ని. 'ప్రెజెంట్లీ వస్తాను' అంటే కాసేపట్లో కాదు, తక్షణం వస్తాను. 'స్టిల్' అంటే చాలాసార్లు ఇంకా అని కాదు, ఎప్పుడూ అని. 'వాంట్' అంటే కోరిక కంటే లేమి: నీకు డబ్బు 'వాంట్' అంటే డబ్బు లేదని. 'సఫర్' అంటే బాధపడటమే కాదు, ఒప్పుకోవడం కూడా. 'ఫాండ్' అన్నారంటే ముద్దుగా కాదు, తెలివితక్కువ అని తిట్టారు. 'డౌట్' చాలాచోట్ల, అలా జరిగిందేమోనని నా భయం అన్న అర్థంలో వస్తుంది, అంటే ఇవాళ్టి అర్థానికి దాదాపు తలకిందులు. అన్నిటికంటే ప్రమాదకరమైనది 'లెట్'. పోనివ్వడం, అడ్డగించడం, రెండు అర్థాలూ ఒకే కాలంలో నడిచాయి. టెన్నిస్‌లో సర్వ్ వలకు తగిలి పడితే ఇప్పటికీ 'లెట్' అనేది ఆ రెండో అర్థంలోనే. 1400కి వెళ్తే 'గర్ల్' అంటే ఆడపిల్లే కానక్కర్లేదు, చిన్నపిల్ల ఎవరైనా.

వ్యాకరణంలో పెద్ద ఇబ్బంది ప్రతిషేధం. చాసర్ కాలంలో ఒక వాక్యంలో రెండు, మూడు, నాలుగు 'కాదు'లు పేర్చేవాళ్లు. అవి ఒకదాన్నొకటి కొట్టేయవు, గట్టిపరుస్తాయి. బడిలో రెండు కాదులు కలిస్తే అవును అని నేర్చుకున్నవాడు లెక్క పెట్టుకుంటూ కూర్చుంటే తప్పు జవాబే వస్తుంది. 'నాకు తెలియదు' అనడానికి 1600లో 'ఐ నో నాట్', 'ఐ డూ నాట్ నో' రెండూ వినబడతాయి, అది మాత్రం ఇబ్బంది పెట్టదు.

ఇక 'దౌ', 'యూ'. తెలుగువాళ్లకు నువ్వు, మీరు ఉన్నాయి కాబట్టి ఇట్టే అందుతుంది. ఈనాటి ఇంగ్లీషువాడికే అందదు. 'దౌ' పాత పుస్తకాల్లో, ప్రార్థనల్లో మాత్రమే వినబడటం వల్ల అది గొప్ప గౌరవవాచకం అనుకుంటాడు. అసలు సంగతి తలకిందులు. అది నువ్వు. దేవుణ్ణి, పిల్లల్ని, ప్రేమించినవాళ్లను, పనివాళ్లను, తిట్టదలుచుకున్నవాళ్లను అలా పిలుస్తారు. 1603లో వించెస్టర్‌లో సర్ వాల్టర్ రాలీ మీద రాజద్రోహం విచారణ జరిగినప్పుడు ప్రభుత్వ న్యాయవాది ఎడ్వర్డ్ కోక్, నిన్ను 'దౌ' అనే అంటున్నాను ద్రోహీ, అని నిండు కోర్టులో అరిచాడు. ఆ ఏకవచనమే అవమానం. ఎంత గొప్పవాణ్ణయినా 'దౌ' అనే పిలుస్తామని పట్టుబట్టిన క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు 17వ శతాబ్దంలో దానికి తిట్లూ దెబ్బలూ తిన్నారు. కాబట్టి మీ మనిషి పాతకాలానికి తగ్గట్టు మాట్లాడదామని ఉబలాటపడి కనబడిన ప్రభువునల్లా 'దౌ' అనకుండా ఉంటే అదే పదివేలు. ఇవాళ్టిలా అందరినీ 'యూ' అంటే ఏ శతాబ్దంలోనూ తన్నులు తినడు.

---

చెవిటిమేళం:

అందరికీ ధన్యవాదాలు. 'ఫేట్', 'మోన్' ఉదాహరణలతో విషయం బోధపడింది. రెండు సందేహాలు మిగిలాయి. రికార్డింగులు లేని కాలంలో 'హూస్' అన్నారని అంత ఖాయంగా ఎలా చెప్పగలుగుతున్నారు? సాధన చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

---

పాతరాత:

ఆధారాలు నాలుగైదు రకాలు. ఒక్కటే అయితే నమ్మలేం, అన్నీ ఒకేవైపు చూపిస్తే నమ్మొచ్చు.

మొదటిది, ఆనాటివాళ్లే ఉచ్చారణ గురించి రాసిన పుస్తకాలు. జాన్ హార్ట్ 1569లో, అలెగ్జాండర్ గిల్ 1619లో ఇంగ్లీషును పలికినట్టు రాయడానికి తమ సొంత లిపులే తయారుచేశారు. ఇంకా వెనక 12వ శతాబ్దంలో ఓర్మ్ అనే మతగురువు తన మత పద్యాల్లో, అచ్చు హ్రస్వమైతే తర్వాతి హల్లును తప్పకుండా రెట్టించి రాశాడు. దాదాపు 19,000 పాదాలు మిగిలాయి. చదవడానికి నీరసమే గానీ, ఏ మాటలో ఏ అచ్చు పొట్టిదో ఏది పొడుగుదో తెలుసుకోవడానికి అంతకంటే మంచి సాక్ష్యం లేదు.

రెండోది, తప్పుల రాతలు. చదువు తక్కువైనవాళ్లు పలికినట్టు రాస్తారు. 15వ శతాబ్దపు నార్ఫక్ ఉత్తరాల్లాంటివి అందుకే బంగారం. మూడోది ప్రాసలు, చమత్కారాలు. షేక్‌స్పియర్ నాటకంలో ఫాల్‌స్టాఫ్ అనే పాత్ర, కారణాలు బ్లాక్‌బెర్రీలంత విరివిగా దొరికినా బలవంతపెడితే ఒక్కటీ ఇవ్వనంటాడు. కారణాలకూ బ్లాక్‌బెర్రీలకూ సంబంధమేంటని ఇవాళ్టి ప్రేక్షకుడు బిత్తరపోతాడు. 'రీజన్' ఆనాడు 'రేజన్', అంటే ఎండుద్రాక్షలా వినబడేది. పండుకూ పండుకూ పోలిక. ఇవి కాక సోదర భాషలు, కదలకుండా మిగిలిపోయిన యాసలు ఉన్నాయి. స్కాట్లండ్ 'హూస్' పైన చెప్పనే చెప్పారు. రాతలో మిగలనిది మాట ఎత్తుపల్లం ఒక్కటే. పాత ఉచ్చారణ అని ఎవరు వినిపించినా ఆ రాగం మాత్రం వాళ్లదే.

రాతను నమ్మకూడదనడానికి ఇంకో ముక్క. 1643లో రిచర్డ్ హాడ్జెస్ అనే ఆయన, 'లీడెత్', 'మేకెత్' అని రాస్తున్నాం గానీ పలికేది 'లీడ్స్', 'మేక్స్' అనేనని చెప్పేశాడు. 1611 బైబిల్ భాష అచ్చయ్యేనాటికే పాతవాసన కొట్టేది, అందులో కొత్త నిబంధన చాలాభాగం 1526లో టిండేల్ చేసిన అనువాదం నుంచి వచ్చింది. దాన్ని 1611 వీధి మాట అనుకోకండి.

ఇక సాధన. 1600తో మొదలుపెట్టండి, 1400కి దూకొద్దు. 2004లో లండన్ గ్లోబ్ థియేటర్ భాషావేత్త డేవిడ్ క్రిస్టల్ సాయంతో రోమియో జూలియట్‌ను ఆనాటి ఉచ్చారణలో ఆడించింది, అక్కణ్ణుంచి ఇలాంటి రికార్డింగులు చాలానే వచ్చాయి. మీకు తెలియని భాగం పది పన్నెండు పాదాలు తీసుకోండి. పుస్తకం మూసి రెండుసార్లు విని, చెవికి అందింది రాయండి. తర్వాత పుస్తకం తెరిచి పోల్చండి. రాతలో చూడగానే గుర్తుపట్టిన మాట చెవికి అందలేదంటే లోపం శబ్దంలో ఉంది, దానికి అచ్చుల సాధన కావాలి. రాతలో చూసినా తెలియకపోతే అది పదజాలం సంగతి, వినడం ఎంత పెంచినా రాదు. ఈ రెంటినీ విడదీయకుండా గంటలకొద్దీ వినేవాళ్లు ఎక్కడివాళ్లు అక్కడే ఉంటారు.

1400కి మాత్రం ముందు నోటితో పలకడం నేర్చుకోవాలి. సూత్రం సులువు: కనబడిన ప్రతి అక్షరాన్నీ పలకండి. ఐ (i) అక్షరం దీర్ఘమైతే ఈ, ఏ (a) అక్షరం ఆ, జంట ఓ (oo) అయితే ఓ, చివరి ఇ (e) అక్షరం చిన్న ఎ. స్పెల్లింగ్ బట్టీ పట్టే పిల్లలు 'క్నిఫె' అని చదివితే నవ్వుతాం గానీ, వాళ్లు చాసర్‌కు బెత్తెడు దూరంలో ఉన్నారు. చివరి ఎ దగ్గర జాగ్రత్త: తర్వాతి మాట అచ్చుతో మొదలైతే అది లోపిస్తుంది. మనకు సంధి అలవాటే కాబట్టి ఇది కష్టం కాదు.

ఆపైన చిన్నమాటలు. చాసర్ లండన్‌లో 'వాళ్లు' అనడానికి 'థేయ్' వచ్చేసింది, 'వాళ్లను' మాత్రం ఇంకా 'హెమ్', 'వాళ్ల' అనేది 'హిర్'. మనవాడు 'హిర్' వినగానే ఎవరో ఆడమనిషి కథలోకి వచ్చిందనుకుంటాడు. 'ఏక్' అంటే కూడా, 'ఉన్నేథ్' అంటే అతికష్టమ్మీద, 'వోట్' అంటే తెలుసు. ఇలాంటివి ముందే నోటికి వస్తే వాక్యం సగం తేలికపడుతుంది.

పరీక్షకు పరలోక ప్రార్థన వాడకండి, అందరూ చేసే తప్పు అదే. 1380లలో దాని మొదలు 'ఊర్ ఫాదిర్ థాట్ ఆర్ట్ ఇన్ హెవెనెస్, హాల్విద్ బే థీ నామె'. వినగానే ఆహా అర్థమైపోయిందనిపిస్తుంది. ఇంగ్లీషువాళ్లలో చాలామందికి అది నోటికి వచ్చు, అందుకని చెవికి అందని చోట జ్ఞాపకం పూరిస్తుంది. అదే కాలపు భూమి తగాదా పత్రం ఎవరిచేతనైనా చదివించి వినండి, అసలు స్థాయి బయటపడుతుంది.

---

అచ్చులూ_హల్లులూ:

ఉత్తరగాలి గారి సవరణ ఒప్పుకోవాల్సిందే, నేను రాసింది లండన్‌కే వర్తిస్తుంది. మిగిలిపోయిన ప్రశ్న, వాళ్లకు మన మాట అర్థమవుతుందా అన్నది. కొంచెం ఎక్కువ కష్టమే అవుతుంది.

మనకు కనీసం పాత రాత, ప్రార్థనలు, నాటకాలు ఎక్కడో తగిలి ఉంటాయి. వాళ్లకు భవిష్యత్తు ఎక్కడా తగల్లేదు. పైగా మనం కొన్ని తేడాలు చెరిపేశాం. 1600లో 'మీట్' అంటే కలవడం, తిండి మాత్రం 'మేట్'. ఇవాళ రెండూ ఒకే శబ్దం. చూడటానికీ సముద్రానికీ అదే గతి. రెండు డబ్బాల్లో ఉండాల్సిన మాటలు ఒకే డబ్బాలోంచి వస్తుంటే వినేవాడు ప్రతిసారీ సందర్భం వెతుక్కోవాలి. లండన్‌వాడు మింగేసే రకారాలు ఇంకో దెబ్బ. 1400 మనిషికైతే అచ్చుల పొరపాటు తలకిందులుగా జరుగుతుంది: మనం కొట్టడం అనే అర్థంలో 'బీట్' అంటే ఆయనకు కొరకడం వినబడుతుంది, స్నేహితుణ్ణి 'మేట్' అంటే కలవడం వినబడుతుంది. పదాల సంగతి చెప్పనక్కర్లేదు. ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి మధ్యయుగంలో వచ్చిన సుమారు 10,000 మాటల్లో చాలావాటిని 1200 నాటి పల్లె మనిషి వినే ఉండడు.

1000 సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి రెండు ముక్కలు. పూర్తిగా వేరే భాష అంటారు గానీ, తొలి రెండు వాక్యాల దాకా కాదు. 'హ్వాట్ ఇస్ థీన్ నామా?' అని ఎవరైనా అడిగితే పేరు అడుగుతున్నాడని ఈనాటివాడు పోల్చుకుంటాడు. 'ఫిష్', 'షిప్' దాదాపు ఇలాగే పలికేవాళ్లు. 'హూస్', 'మూస్', 'కూ' చూపిస్తూ చెబితే తెలుస్తాయి.

ధైర్యం వచ్చి ముందుకు పోతే విభక్తుల దగ్గర బోల్తా పడతాడు. తెలుగులో రాజును ఎలుగు చంపింది అన్నా, ఎలుగు రాజును చంపింది అన్నా చచ్చింది రాజే, 'ను' చెబుతోంది కదా. పాత ఇంగ్లీషు కూడా అంతే. 'థోనె క్యునింగ్ ఒఫ్‌స్లోఖ్ సె బెర' అంటే ఎలుగు రాజును చంపింది. 'సె' కర్తకు, 'థోనె' కర్మకు. ఈనాటి ఇంగ్లీషువాడి చెవికి 'కింగ్' లాంటిది ముందు, 'స్లూ' లాంటిది మధ్యలో, 'బేర్' లాంటిది చివర వినబడతాయి. మూడు మాటలూ సరిగ్గానే పట్టుకుంటాడు. రాజుగారు ఎలుగుబంటిని చంపారని సంబరపడుతూ, శవం చుట్టూ ఏడుస్తున్నవాళ్లను అభినందిస్తాడు.